మేవిస్ మిరుమిట్లు

మేవిస్ ఎంట్విజిల్ గురించి ఎవరిని అడిగినా ముందు ఆమె దుకాణం సంగతి ఎత్తుతారు. నేను మాత్రం ఆమె నోటి దగ్గర మొదలుపెడతాను. ఆమె పక్కన టీ దుకాణం నడిపినదాన్ని, నాకు ఆ హక్కుంది. మా ఇద్దరికీ మధ్య ఉన్నదల్లా ఒక పలుచటి చెక్క గోడ. పొద్దున తలుపులు తీసింది మొదలు సాయంత్రం మూసేదాకా ఆ గోడ అవతల నుంచి ఆమె గొంతు ఖంగుమంటూనే ఉండేది.

"రా తల్లీ, రా నాయనా! చూస్తే పోయేదేం లేదు, విసిరితే పోయేది రింగే! ఏమయ్యా పెద్దమనిషీ, మీ ఆవిడకి గడియారం కావాలట, నువ్వేమో సముద్రం చూస్తావేం? సముద్రం రేపూ ఉంటుంది!"

బ్లాక్‌పూల్‌లో సముద్రంలోకి పొడుచుకుపోయిన చెక్క వంతెన మీద మా దుకాణాలు. దాన్ని మేం పియర్ అంటాం. వేసవిలో మిల్లులకు సెలవులిచ్చినప్పుడు ఊళ్లకు ఊళ్లు రైళ్లెక్కి వచ్చి మా మీద పడేవి. శరదృతువు రాగానే తీరం పొడవునా రంగు దీపాలు వెలిగేవి, వాటికోసం మళ్లీ జనం. చలికాలంలో గాలీ వానా తప్ప ఎవరూ ఉండరు. మా బతుకులన్నీ ఆ లెక్కనే నడిచేవి.

మేవిస్‌ది రింగులాట. చెక్క దిమ్మల మీద పింగాణీ కుక్కలు, గాజు గిన్నెలు, బంగారు పూత గడియారాలు పెట్టి ఉంటాయి. రింగు విసిరితే అది దిమ్మ చుట్టూ చదునుగా పడాలి, అప్పుడే బహుమతి. వెనక అద్దాలు, అద్దాల చుట్టూ తళుకు కాగితాలు, వాటి చుట్టూ దీపాలు. దారినపోయేవాడి కాలు ఆగిపోయేలా చేసే ఈ మొత్తం హంగుకి మా వాళ్లది ఒకటే మాట: ఫ్లాష్. ఫలానావాడి ఫ్లాష్ బాగుందంటే ఇక వాడికి ఆ సీజనులో ఢోకా లేనట్టే. మేవిస్ ఫ్లాష్ ముందు మిగతా వాళ్లవన్నీ వెలవెలబోయేవని నేను ఒప్పుకుంటాను. ఆ ముక్క ఆమె ముందు ఎప్పుడూ అనలేదు, అంటే ఇక పట్టలేం.

యుద్ధం అయిపోయి తీరం దీపాలు మళ్లీ వెలిగిన కొత్తల్లో నేను ఆ టీ దుకాణం తీసుకున్నాను. వచ్చిన మర్నాడే మంచిగా మాట కలుపుదామని, "మీ దుకాణం భలే గ్లేర్‌గా ఉందండీ" అన్నాను.

ఆమె చేతిలో తుడుస్తున్న గిన్నె కింద పెట్టింది.

"గ్లేరా? నోరు కడుక్కో అమ్మాయ్! నా దుకాణం ముందు నిలబడి ఆ మాటంటావా?"

"అయ్యో, వెలుగు ఎక్కువగా ఉందని..."

"వెలుగు ఎక్కువ ఉండటం వేరు, ఎక్కువవడం వేరు. ఇలా రా. ఫ్లాష్ అంటే మనిషిని ఆపేది. డాజిల్ అంటే ఆగినవాడి చెయ్యి తడబడేలా చేసేది. వాడికి అంతా కనబడుతున్నట్టే ఉంటుంది, దిమ్మ అంచు ఎక్కడుందో మాత్రం తెలీదు. ఇక గ్లేర్ అంటావా, అది వాణ్ణి ఇంటికి పంపేది. వాడికి వెలుగొకటే కనబడుతుంది, ఇంకేం కనబడదు. ఒక్క దీపం ఎక్కువైందా, డాజిల్ కాస్తా గ్లేర్ అయి కూచుంటుంది. తెలిసిందా?"

"తెలిసింది."

"ఏం తెలిసిందిలే. టీ పట్రా, చెప్పీ చెప్పీ గొంతు ఎండిపోయింది."

అలా మొదలైంది మా స్నేహం. ఆ మాటలు ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, అద్దం ముందు దీపం అటూ ఇటూ జరిపి తనంతట తాను అర్థం చేసుకుంది. చిన్నప్పుడు ఆక్రింగ్టన్‌లో నేతమిల్లులో పనిచేసింది. పొద్దున చీకట్లో వెళ్లి సాయంత్రం చీకట్లో ఇంటికొచ్చే పని. "అందుకే నాకు వెలుగంటే ఆకలి" అనేది. నవ్వుతూనే అనేది గానీ అది నవ్వులాట మాట కాదు.

ఆమె భర్త విల్ఫ్. ఊరి దీపాలు తయారుచేసే షెడ్డులో పని. తెల్ల బల్బుల్ని రంగు లక్కలో ముంచి ఆరబెట్టడం, తీరం పొడవునా నిచ్చెనలెక్కి బిగించడం. పొడుగ్గా, బక్కపల్చగా ఉండేవాడు. ఆయన నోట మాట రావాలంటే సముద్రం వెనక్కి పోవాలి. వాళ్లిద్దరూ ఎలా కలిశారో మేవిస్ ప్రతి సీజనులోనూ ఒకసారైనా చెప్పేది.

"మిల్లు పిల్లలం అందరం రాజిల్ మీదున్నాం." రాజిల్ అంటే తాగి, తిరిగి, పాడి, చేతిలో ఉన్నదంతా ఊదిపారేసే రోజు. "ఈయన నిచ్చెన మీదున్నాడు. కింద నుంచి అరిచాను, 'ఏమయ్యోయ్, నీకంటే ఆ దీపమే అందంగా ఉంది!' అని. వంగి చూసి 'అవును' అన్నాడే! ఇంకే మాటా లేదు. 'అవును' అట! అలాంటివాణ్ణి వదులుకుంటానా?"

విల్ఫ్ పక్కనే ఉంటే చెవులు ఎర్రబడేవి. వాళ్లకు పిల్లలు లేరు. ఆదివారాలు ఆయన ఆమె చెప్పుల్ని కూడా మెరిసేలా తుడిచి గుమ్మంలో పెట్టేవాడు. అది చూసినప్పుడల్లా నాకు మా ఆయన మీద కోపం వచ్చేది.

విల్ఫ్ పదవీ విరమణ చేసి దుకాణంలోకి వచ్చిన ఏడాది వసంతంలో మేవిస్ ఓ కొత్త ఫిర్యాదు మొదలుపెట్టింది. "నీలం చచ్చిపోయింది విల్ఫ్. నీలం దీపాలన్నీ మట్టికొట్టుకుపోయాయి. కొత్తవి ముంచు."

నేనూ చూశాను. నీలం దీపాలు నిక్షేపంలా ఉన్నాయి. విల్ఫ్ వాటికేసి చూశాడు, ఆమెకేసి చూశాడు. మర్నాటికి కొత్తవి ముంచి తెచ్చి బిగించాడు. పక్షం తిరక్కుండానే మళ్లీ అదే మాట. ఈసారి పసుపు దీపాలు తీసేసి వాటి చోట కూడా నీలం పెట్టమంది. తర్వాత ఎరుపు పోయింది, ఆకుపచ్చ పోయింది. ఆ పై ఏడాదికల్లా దుకాణం మొత్తం నీలం. దాని ముందు ఆగిన మనుషుల మొహాలు సముద్రంలోంచి ఈడ్చుకొచ్చిన శవాల మొహాల్లా ఉండేవి.

ఎదురుగా తుపాకీ గురి దుకాణం నడిపే సెడ్రిక్ పిల్లింగ్‌కి ఇక పండగే.

"విల్ఫ్! శవపేటిక కూడా ఒకటి బహుమతి పెట్టవయ్యా, జనం విరగబడతారు!"

"చూస్తాను" అనేవాడు విల్ఫ్.

"మేవిస్ బడాయి ముదిరి నీలం రంగుకి దిగింది" అని మిగతావాళ్లు. రాణిగారు గొప్పలకు పోతున్నారని వాళ్ల ఉద్దేశం. మేవిస్‌కి ఇవేవీ తెలియవు. "చూశావా, ఇప్పుడు కుదిరింది" అని అద్దాల ముందు చేతులు నడుం మీద పెట్టుకుని మురిసిపోయేది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ నీలం వెలుగు గోడ మీంచి నా బల్ల మీద పడి, టీ చూసినవాళ్లు "పాలు విరిగాయా?" అని అడగటం మొదలెట్టారు. ఒకరోజు మేవిస్ సామాను కోసం వెళ్లినప్పుడు విల్ఫ్‌ను నిలదీశాను.

"ఏమిటయ్యా ఈ వేషం? ఆవిడ ఏమంటే అది తలూపడమేనా? నీకు కళ్లు లేవా?"

"నాకున్నాయి ఆలివ్" అన్నాడు. తుడవడానికి ఓ బల్బు అందుకుని, "ఆమెకే పోతున్నాయి" అన్నాడు.

ఆయన బల్బు తుడుస్తూనే చెప్పాడు. కప్పులో టీ పోసేటప్పుడు వేలు లోపల పెట్టి చూసుకుంటోందట. మనుషుల్ని గొంతుని బట్టే పలకరిస్తోందట. మొన్న ఇంట్లో ఆయన ఎదురుగా నిలబడి ఉండగా, "విల్ఫ్, ఎక్కడున్నావ్?" అని పిలిచిందట.

"మరి చెప్పకూడదూ?"

"ఎలా చెప్పను? మేవిస్ అంటే ఆ కన్నేగా. నీలం బాగానే ఉంది, నీ కన్నే బాలేదు అని నేనెలా అననూ?"

అనడం ఆయన వల్ల కాదని నాకు అర్థమైంది. అందుకని నేనే ఉపాయం పన్నాను. దగ్గు తగ్గట్లేదని వంక పెట్టి మేవిస్‌ను మా వీధి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చెవిలో ముందే ఊదాను, కళ్ల సంగతి చూడండి, ఆమెకు తెలియకుండా అడగండి అని. మంచివాడే పాపం, బయట బెంచీ నిండా రోగులున్నారు. దగ్గు చూసి, మాటల మధ్యలో పెట్టి అడిగాడు.

"ఈమధ్య దీపాలు చూస్తుంటే డాజిల్‌గా ఉంటోందా అమ్మా?"

మేవిస్ మొహం వెలిగిపోయింది. "ఉండకపోతే ఎలా డాక్టరుగారూ? అంతకంటే నాకేం కావాలి! ఈ ఏడాది ఉన్నంత డాజిల్ ఎప్పుడూ లేదు. అదిగో ఆలివ్‌ని అడగండి!"

"మరి ఇబ్బందిగా లేదా?"

"మాకెందుకు ఇబ్బంది? విసిరేవాడికి ఇబ్బంది!"

ఆయన పడీ పడీ నవ్వాడు. ఆమె ఇక ఆగలేదు, అద్దం ఎంత వంపులో ఉండాలి, దీపం ఎంత ఎత్తులో ఉండాలి అంతా చెప్పింది. ఆయన పిల్లల్ని తీసుకుని తప్పకుండా వస్తానన్నాడు. దగ్గుమందుతో పాటు, పోనీలే అని కంట్లో చుక్కల మందు ఒకటి రాసిచ్చాడు. నేను పక్కన కూచుని పళ్లు నూరుతున్నాను. ఆయనకి అది జబ్బు పేరు, ఆమెకి అది మెచ్చుకోలు. ఆ ఒక్క మాట దగ్గర ఒక సీజను మొత్తం కొట్టుకుపోయింది.

"ఎంత మంచి డాక్టరే!" అంది మేవిస్ ట్రాములో. నాకు ఆమెను అక్కడే దింపేయాలనిపించింది.

ఆ తర్వాత మేవిస్ దీపాలు నీరసంగా ఉన్నాయనడం మొదలెట్టింది. విల్ఫ్ పెద్ద బల్బులు తెచ్చాడు. ఇంకా నీరసమే అంది. ఇంకా పెద్దవి తెచ్చాడు. ఆమెకు కాస్తయినా కనబడుతుందేమోనని ఆయన ఆశ. ఆయన పెట్టేకొద్దీ ఆమె ఇంకా తడుముకునేది, తడుముకునేకొద్దీ ఆయన ఇంకా పెట్టేవాడు. శరదృతువు వచ్చేసరికి ఆ దుకాణం ముందు కళ్లు బైర్లు కమ్మేవి. జనం చెయ్యి అడ్డం పెట్టుకుని అవతలి వైపు నుంచి నడిచిపోయేవాళ్లు. మేవిస్ ఖాళీ వంతెనకేసి చూస్తూ "రా తల్లీ, రా నాయనా" అని పిలుస్తూనే ఉండేది. నేను గోడ ఇవతల నిలబడి అది వినలేకపోయేదాన్ని.

సీజను ఆఖర్న పియర్ మేనేజరు వచ్చాడు. మేవిస్ నోటికి జడిసి విల్ఫ్‌ను నా దుకాణంలోకి పిలిచి చెప్పాడు.

"గుడ్‌ఫ్రైడే నాడు తెరిచేటప్పటికి ఇదిలాగే ఉంటే స్థలం వేరేవాళ్లకి ఇచ్చేస్తాను విల్ఫ్. అందరూ గోల పెడుతున్నారు. నువ్వు దీపాలవాడివి, నేను నీకు చెప్పాలా?"

ఆయన వెళ్లాక విల్ఫ్ టీ ముందు పెట్టుకుని అది చల్లారేదాకా కూచున్నాడు.

"ఇప్పుడైనా చెబుతావా?" అన్నాను.

"స్థలం పోతే పోనీ."

"స్థలం పోయాక ఆవిడ బతుకుతుందనుకుంటున్నావా?"

ఆయన పెద్ద చేతులు బల్ల మీద పెట్టుకుని వాటికేసి చూస్తున్నాడు. ఇంత మొండి మనిషిని, ఇంత మెత్తని మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. కొట్టాలనీ ఉంది, కళ్లు తుడవాలనీ ఉంది. రెండూ చెయ్యకుండా టీ మార్చి ఇచ్చాను.

మర్నాడు పొద్దున మేవిస్ చలికాలానికి సామాను సర్దుతోంది. విల్ఫ్ పెట్టెలు తేవడానికి వెళ్లాడు. దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి, ఆమె పింగాణీ కుక్కల్ని తడిమి తడిమి పాత పేపర్లలో చుడుతోంది. నేను నా బల్ల దగ్గర నుంచే పలకరించాను.

"మేవిస్, డాజిల్‌కీ గ్లేర్‌కీ తేడా ఏంటన్నావు?"

"పదేళ్లయినా నీ బుర్రకి ఎక్కలేదా?"

"ఎక్కలేదు. మళ్లీ చెప్పు."

"డాజిల్ అయితే వస్తువు కనబడుతుంది, అంచు కనబడదు. గ్లేర్ అయితే వెలుగొకటే..."

"ఇటు చూడు. నా బల్ల మీద ఏముంది?"

ఆమె తల తిప్పింది. చేతిలో కుక్క అలాగే ఉంది.

"వెలుగుంది" అంది.

"నేనో?"

ఆమె కళ్లు చికిలించి నాకేసి వంగింది. కింద అలలు స్తంభాలకు కొట్టుకుంటున్న చప్పుడు వినబడుతోంది. ఏదో ఒకటి అని ఆ ప్రశ్నను వెనక్కి లాక్కోవాలని నాకు ప్రాణం కొట్టుకుంది, అయినా నోరు నొక్కుకుని ఊరుకున్నాను.

"వెలుగే ఆలివ్" అంది చివరికి. ఆ గొంతు ఆమెది కాదు, ఎవరో చిన్నపిల్లది.

నేను గోడ చుట్టూ తిరిగి వెళ్లి ఆమె పక్కన పెట్టె మీద కూచున్నాను. నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. వెంటనే ముక్కు చీదుకుని, "విల్ఫ్‌కి తెలుసా?" అంది.

"తెలుసు."

"తెలిసి ఒక్క ముక్కా అనలేదూ?"

"అతని నోట ముక్క ఎప్పుడొచ్చింది గనక?"

"దద్దమ్మ" అంది. ఇంత ప్రేమగా ఆ తిట్టు తిట్టడం నేను ఎక్కడా వినలేదు.

నీలం సంగతి నేను ఎత్తలేదు. విల్ఫ్ కూడా అదొక్కటే బతిమాలాడు. "కన్ను సంగతి చెప్పావు, చాలు. తన ఫ్లాష్ నవ్వులపాలైందని మాత్రం చెప్పకు." ఆమె ఆ చలికాలం ఆసుపత్రిలో చేరేముందు కూడా దుకాణం బెంగే. "నేనొచ్చేదాకా నా దీపాలు ముట్టుకోకు విల్ఫ్. ఒక్కటి కూడా కదపకు. నాకు తెలిసిపోతుంది." ఆయన అలాగేనన్నాడు.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు వివరంగా చెప్పాడు. కంట్లో పొర ముదిరి చిక్కటి టీ రంగులోకి దిగిందట, అందుకే నీలం ఆమెకు మట్టిలా కనిపించిందట. ఇలాంటి కంటికి వెలుగు పెంచేకొద్దీ చూపు చెదిరిపోతుందట, నీడపట్టున ఉంటేనే నయమట. నేను విల్ఫ్ మొహం చూడలేకపోయాను. బయటికొచ్చి మెట్ల మీద ఆగిపోయాడు.

"అంటే నేను పెట్టిన ప్రతి బల్బూ..." అన్నాడు.

"నీకేం తెలుసయ్యా? కనబడాలనేగా పెట్టావు."

ఆయన టోపీ కిందికి లాక్కుని ట్రాము వచ్చేదాకా గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఆపరేషన్ల తర్వాత తలకు రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టి కదలొద్దన్నారు. నవ్వొద్దు, దగ్గొద్దు, వీలైతే మాట్లాడొద్దు అని కూడా అన్నారట. మేవిస్‌కి కోతకంటే అదే పెద్ద శిక్ష. పక్క మంచం ఆవిడకి పెదాలు కదపకుండా కబుర్లు చెప్పడం నేర్చుకుంది. ఇంటికొచ్చాక కూడా వారాల తరబడి నల్లటి అద్దాలు. అసలు జోడు వచ్చేదాకా ఆమెకు అన్నీ నీళ్లడుగున ఉన్నట్టే కనిపించేవి. ఆ జోడు గుడ్‌ఫ్రైడే ముందురోజు చేతికొస్తుందని కబురొచ్చింది. ఆ మర్నాడు పొద్దునే మేనేజరు వచ్చి చూసేది.

జోడు వచ్చే రోజు పొద్దున్నే నేను విల్ఫ్ మీద పడ్డాను. "ఇంకా నీలమేనా? ఆవిడ ఇవాళ చూస్తుంది, రేపు మేనేజరు చూస్తాడు. పసుపూ ఎరుపూ బిగించు, నేను పట్టుకుంటాను నిచ్చెన."

"కదపొద్దంది."

"కన్ను లేనప్పుడు అన్నమాటయ్యా అది!"

"కదపొద్దంది ఆలివ్" అన్నాడు మళ్లీ. గాడిదా అన్నాను. దానికీ తలూపాడు. కళ్లజోడు కోసం ఆమెను నన్నే తీసుకెళ్లమన్నాడు, అరలు బిగించాలని సాకు చెప్పి.

స్థలం పోలేదు, ఆ బెంగ మీకొద్దు. మర్నాడు మేనేజరు వచ్చేసరికి అన్ని రంగులూ వాటి వాటి చోట్లకి వచ్చేశాయి, ఆయన ముందే మేవిస్ ఆయన టోపీని కూడా వెక్కిరించింది. నేను చెప్పదలుచుకున్నది ఆ ముందు సాయంత్రం సంగతి.

సీసా అడుగులంత మందపు అద్దాలు పెట్టుకుని మేవిస్ బయటికొచ్చింది. మొట్టమొదట నన్ను చూసింది.

"ఓలమ్మో, ఇంత ముసలిదానివయ్యావేంటే?"

"చూపు బాగా వచ్చిందన్నమాట" అన్నాను.

ట్రాములో దారి పొడవునా బోర్డులు పైకి చదివింది. ఎవరిదో ఎర్రకోటు చూసి చప్పట్లు కొట్టింది. ఆకాశం అంత నీలంగా ఉంటుందా అని కండక్టరును అడిగింది. ఆయన బిత్తరపోయి, "ఇవాళ ఉన్నట్టుందమ్మా" అన్నాడు. నాకు ఒకపక్క నవ్వు, ఒకపక్క పియర్ మీదున్న ఆ నీలం బెంగ.

మేం పియర్ మీదికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మమ్మల్ని చూసి విల్ఫ్ మీట నొక్కాడు.

దుకాణం భగ్గుమంది. మేవిస్ ఉన్నచోటే ఆగిపోయింది. తర్వాత నా చెయ్యి వదిలేసి, తనంతట తనే నడుచుకుంటూ వెళ్లి ఎదురుగా నిలబడింది. అద్దాలు, గిన్నెలు, కుక్కలు, గడియారాలు, అన్నీ చచ్చిన నీలం. ఆ మధ్యలో విల్ఫ్ కూడా నీలమే.

"ఇదెవడి పని?" అంది.

"నాదే" అన్నాడు విల్ఫ్.

"నీకు మతిగాని పోయిందా? నీళ్లలో పడి చచ్చినవాళ్ల పెళ్లిలా ఉంది!"

"అవును."

"నేను ఇన్నాళ్లూ దీని ముందు నిలబడి జనాన్ని పిలిచానా?"

"అవును మేవిస్."

అవతల సెడ్రిక్ నోరు తెరిచాడు. నేను కళ్లెర్రజేస్తే మూసుకున్నాడు.

"జనం నవ్వారా?"

"కొంచెం."

"నీ మొహం మీదే నవ్వారా?"

ఆయన భుజాలెగరేశాడు.

"మరి నీకు తెలుసుగా! రంగులు ముంచినవాడివి, నీకు తెలియకపోవడమేంటి? తెలిసీ ఎందుకు పెట్టావయ్యా?"

"నువ్వడిగావుగా" అన్నాడు.

మేవిస్ మాట కోసం తడుముకోవడం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు. ఆ మందపు అద్దాల వెనక కళ్లు ఇంతింత పెద్దవయ్యాయి, వాటి నిండా నీళ్లు. నాకూ ఆగలేదు. సెడ్రిక్ తుపాకీల్లో ఏదో వెతుక్కుంటున్నట్టు వంగాడు.

"ఆర్పెయ్" అంది మేవిస్.

విల్ఫ్ పై వరస ఆర్పాడు.

"అన్నీ."

"చీకటైపోతుంది పిల్లా" అన్నాడు. పెళ్లినాటి పిలుపై ఉంటుంది, నేను మునుపెప్పుడూ వినలేదు.

"అవనీ. ఈ వెలుగులో నువ్వు కనబడట్లేదు."

ఆయన మీట తిప్పాడు. ఒక్కసారిగా సముద్రం మీది బూడిదరంగు వెలుతురు తప్ప ఏమీ మిగల్లేదు. మేవిస్ దిమ్మల మధ్య నుంచి నడిచి వెళ్లి ఆయన గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"కదలకు" అంది. "నిన్ను చూసుకోనీ."